లీడ్‌కు చెప్పే ఊరికి వెళ్లాను, అయినా ‘అబ్‌స్కాండింగ్’ అని ఉద్యోగం తీసేశారు. ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. రాయదుర్గంలో ఒక కంపెనీలో సపోర్ట్ ఇంజినీర్‌గా అయిదేళ్ల మూడు నెలలు చేశారు. సూర్యాపేట దగ్గర ఊళ్లో నాన్నగారికి పక్షవాతం వచ్చిందని రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తే కట్టుబట్టలతో బయల్దేరారు. బస్సులోంచి టీమ్ లీడ్‌కు వాట్సాప్‌లో “అన్నా, నాన్నకు సీరియస్‌గా ఉంది, ఊరికి పోతున్నా” అని పెట్టారు. ఆయన “టేక్ కేర్” అని జవాబిచ్చాడు. ఖమ్మం ఆసుపత్రిలో 19 రోజులు గడిచాయి. ల్యాప్‌టాప్ కొండాపూర్ హాస్టల్ గదిలోనే ఉండిపోయింది. ఆఫీసు మెయిల్ తెరవలేదు, తెలియని నంబర్ల నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తలేదు. ఇరవయ్యో రోజు పర్సనల్ మెయిల్‌కు టెర్మినేషన్ లెటర్ వచ్చింది. అనుమతి లేని గైర్హాజరు, ఉద్యోగం వదిలేసినట్టు భావిస్తున్నాం, రెండు నెలల నోటీస్ పే రికవరీ, ల్యాప్‌టాప్ అప్పగించాలి, ఇవీ అందులో ఉన్నవి. “నేను చెప్పే వెళ్లాను కదా, ఇదేం న్యాయం? నా కెరీర్ అయిపోయినట్టేనా?” అని అడిగారు.

అయిపోలేదు. ఆ సీటు తిరిగి దక్కడం కష్టమే కానీ, మీ రికార్డులో పడ్డ ‘అబ్‌స్కాండింగ్’ (అంటే చెప్పకుండా ఉద్యోగం వదిలి మాయమవడం) అన్న మాటను తీయించుకునే అవకాశం బాగానే ఉంది. అందుకు ఈ వారంలోనే రాతపూర్వకంగా జవాబు పంపాలి. ఫోన్‌లో బతిమాలడం, హెచ్‌ఆర్‌ను లింక్డ్‌ఇన్‌లో తిట్టడం, లీడ్‌తో గొడవ పెట్టుకోవడం, ఈ మూడూ ప్రస్తుతానికి వద్దు.

నేను ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో హెచ్‌ఆర్ పనే చేశాను. మొదట బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో, తర్వాత మాదాపూర్‌లో ఐటీ కంపెనీల్లో. ఇప్పుడు చిన్న కంపెనీలకు, అప్పుడప్పుడు మీలాంటి ఉద్యోగులకు సలహాలిస్తుంటాను. ఇలాంటి లెటర్లు నేను సంతకం పెట్టి పంపినవీ ఉన్నాయి, వెనక్కి తీయించినవీ ఉన్నాయి. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి ఈ మాటలు చెప్పగలుగుతున్నాను.

ముందు లోపల ఏం జరిగి ఉంటుందో చెబుతాను. అది తెలియకపోతే మీరు రాసే జవాబు గురి తప్పుతుంది.

మీరు లీడ్‌కు చెప్పారు. కానీ చాలా కంపెనీల్లో లీడ్‌కు లీవు మంజూరు చేసే అధికారమే ఉండదు. పోర్టల్‌లో అప్లై చేస్తే ఆయన ఆమోదించగలడు, అంతే. మీరు అప్లై చేయలేదు. నేను చేసిన చోట్ల వరుసగా మూడు రోజులు హాజరు పడకపోతే సిస్టమ్ దానంతటదే హెచ్‌ఆర్‌కు అలర్ట్ పంపేది. ఆ అలర్ట్ అందుకున్న మనిషి మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు, ఒక్కోసారి ఆ మనిషి ఈ ఊళ్లో కూడా ఉండరు. వాళ్ల తెర మీద మీ ఎంప్లాయీ ఐడీ, దాని పక్కన ఎర్ర గుర్తు, అంతవరకే కనిపిస్తుంది. వాళ్లు లీడ్‌ను అడుగుతారు: “ఇతను ఎప్పుడొస్తాడు?” లీడ్‌కు తెలియదు, ఎందుకంటే మీరు ఎన్ని రోజులో చెప్పలేదు. “ఊరికి వెళ్లాడు, మళ్లీ కాంటాక్ట్‌లో లేడు” అంటాడు. ఈ వాక్యంలో అబద్ధమేమీ లేదు. కానీ హెచ్‌ఆర్ ఫైల్లోకి ఎక్కేది రెండో సగం మాత్రమే. ఆ తర్వాత పనంతా టెంప్లేటే చేస్తుంది. మొదటి మెయిల్, రెండో మెయిల్, 48 గంటల్లో రిపోర్ట్ చేయండి అన్న లెటర్, చివరికి మీకు వచ్చినది.

మీ వైపు లోటు ఉంది, దాన్ని దాచుకోకండి. మొదటి రాత్రి మీరు పెట్టిన మెసేజ్‌ను ఎవరూ తప్పుపట్టరు. ఆ గాబరాలో అంతకంటే రాయలేం. నాలుగో రోజో అయిదో రోజో, డాక్టర్ “ఇంకో రెండు వారాలు పడుతుంది” అన్నప్పుడు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మీ పర్సనల్ జీమెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు నాలుగు లైన్లు పంపి ఉంటే ఈ లెటర్ వచ్చేది కాదు. ఎందుకు రాలేకపోతున్నాను, ఎప్పటిదాకా, ఏ నంబర్‌లో దొరుకుతాను, ఈ మూడు ముక్కలు చాలు. మిమ్మల్ని నొప్పించడానికి కాదు ఈ మాట. మీ జవాబులో దీన్ని మీరే ముందు ఒప్పుకుంటే అవతలివాళ్లకు దాన్ని పట్టుకుని లాగే అవకాశం ఉండదు.

ఇక నా చేతి మీదుగా జరిగిన ఒక తప్పు చెప్పాలి. 2011 సంగతి. మాదాపూర్‌లో నేను పనిచేస్తున్న కంపెనీలో ఒక కుర్రాడు, జగిత్యాల వైపు వాడు, పన్నెండు రోజులు రాలేదు. మేనేజర్‌ను అడిగితే “నో ఇన్ఫర్మేషన్” అన్నాడు. అమీర్‌పేట హాస్టల్ అడ్రస్‌కు రెండు లెటర్లు పంపించాను. రెండూ వెనక్కి వచ్చాయి. కవర్ మీద పోస్ట్‌మ్యాన్ నీలం ఇంకుతో ‘డోర్ లాక్డ్’ అని రాశాడు. ఆ కవర్లను విప్పకుండానే ఫైల్లో పెట్టి, పక్కన ‘నోటీసు ఇవ్వబడింది’ అని రాసుకుని టెర్మినేషన్ మీద సంతకం చేశాను. అప్లికేషన్ ఫారంలో అతని ఊరి అడ్రస్ కూడా ఉంది. దానికి పంపాలన్న ఆలోచనే రాలేదు.

మూడు నెలల తర్వాత సెక్యూరిటీ నుంచి ఫోన్ వచ్చింది. కిందికి దిగితే రిసెప్షన్ సోఫా అంచున కూర్చుని ఉన్నాడు, ఒళ్లో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, దాని నిండా ఆసుపత్రి కాగితాలు. “సార్, నేను చెప్పిన సార్” అన్నాడు. చిన్న నోకియా ఫోన్ తీసి, పంపిన మెసేజీల పెట్టె తెరిచి నా చేతికిచ్చాడు. తల్లికి సీరియస్‌గా ఉంది, పది రోజులకు వస్తాను అని మేనేజర్ నంబర్‌కు వెళ్లిన ఎస్సెమ్మెస్. నేను పంపిన మొదటి లెటర్‌కు రెండు రోజుల ముందు తేదీ. పైకి వెళ్లి మేనేజర్‌ను అడిగితే, “అవును, ఏదో పెట్టాడు, లీవు అప్లై చేసి ఉంటాడనుకున్నాను” అన్నాడు. అప్పటికి ఆ సీటులో ఇంకొకరు చేరిపోయారు. టెర్మినేషన్‌ను రిజిగ్నేషన్‌గా మార్పించి, రిలీవింగ్ లెటర్ ఇప్పించడం వరకే నా చేతనైంది. తల్లి దక్కలేదని వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

ఆ రోజు నుంచి ఇలాంటి లెటర్ ఏదైనా నా ముందుకొస్తే, మేనేజర్ ఫోన్ తెరిచి ఆ ఉద్యోగితో జరిగిన చివరి చాట్ చూపించేదాకా సంతకం పెట్టలేదు. ఈ కథ మీకు ఎందుకు చెప్పానంటే, మీ కంపెనీ హెచ్‌ఆర్‌కు మీ వాట్సాప్ మెసేజ్ సంగతి ఇప్పటికీ తెలిసి ఉండకపోవచ్చు. మీ మీద పగతో చేసిన పని అనుకుని కోపంగా రాయకండి. వాళ్లకు తెలియని విషయం తెలియజేస్తున్నట్టు రాయండి.

ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టండి. జవాబు రాయకముందే దాన్ని అప్పగించే పని చూడండి. కంపెనీ వస్తువు మీ దగ్గర ఉన్నంతకాలం మాట వాళ్లదే అవుతుంది, అది పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లిన సందర్భాలు కూడా చూశాను. అడుగున స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబర్, తెర, కీబోర్డు, చార్జర్ ఫొటోలు తీసుకోండి. అందులోని ఆఫీసు ఫైళ్లు ఏవీ కాపీ చేసుకోకండి, ఏవీ చెరపకండి. స్వయంగా వెళ్లి ఇస్తే, సీరియల్ నంబర్ రాసిన రసీదు మీద ఐటీ విభాగం వాళ్ల సంతకం, తేదీ తీసుకోండి. గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చి వచ్చేయడం వద్దు. ఐడీ కార్డు కూడా అదే రసీదులో రాయించండి.

తర్వాత కాగితాలు. ఆసుపత్రి అడ్మిషన్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఆ రోజుల్లో మీరు అక్కడే ఉన్నట్టు చూపే అటెండర్ పాస్ లాంటిది ఏదైనా ఉంటే అది. వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్ మాత్రమే సరిపోదు. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఆ ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. రేపు కోర్టు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాల్సి ఉంటుంది. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక. లీడ్ ఆ మెసేజ్ డిలీట్ చేసినా మీ వైపు ఉంటుంది.

ఇప్పుడు జవాబు. ఇంగ్లీషులోనే రాయండి, ఒక పేజీ దాటకూడదు. విషయం దాదాపు ఇలా ఉండాలి:

“ఫలానా తేదీ నాటి మీ లెటర్ అందింది. ఫలానా తేదీ రాత్రి మా నాన్నగారు పక్షవాతంతో ఆసుపత్రిలో చేరారు. అదే రాత్రి ఇన్ని గంటలకు మా టీమ్ లీడ్‌కు వాట్సాప్ ద్వారా తెలియజేశాను, ఆయన జవాబు కూడా ఇచ్చారు. కాపీ జతచేస్తున్నాను. ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లో ఉండటం వల్ల ఆఫీసు మెయిల్ చూడలేకపోయాను, మీరు పంపిన నోటీసులు నాకు ఇప్పుడే తెలిశాయి. పోర్టల్‌లో లీవు అప్లై చేయకపోవడం, మళ్లీ సమాచారం ఇవ్వకపోవడం నా పొరపాటు, అందుకు చింతిస్తున్నాను. ఉద్యోగం వదిలేయాలన్న ఉద్దేశం నాకు ఏనాడూ లేదు. ఆసుపత్రి పత్రాలు పరిశీలించి, గైర్హాజరైన రోజులను ఉన్న సెలవుల కింద, మిగిలినవి లాస్ ఆఫ్ పే కింద సర్దుబాటు చేసి, నన్ను తిరిగి విధుల్లోకి తీసుకోవాలని కోరుతున్నాను. అది వీలుకాని పక్షంలో లెటర్ ఉపసంహరించుకుని, నా రాజీనామాను స్వీకరించి, రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇవ్వాలని, నోటీస్ పే రికవరీ మాఫీ చేయాలని కోరుతున్నాను. ల్యాప్‌టాప్ ఫలానా రోజు అప్పగించాను, రసీదు జతచేస్తున్నాను.”

ఇందులో ‘అందుకు చింతిస్తున్నాను’ అన్న మాట పోర్టల్ పొరపాటుకు మాత్రమే అంటిపెట్టుకుని ఉండాలి. ‘నేను చేసిన తప్పుకు క్షమించండి’ అని మొత్తానికి కలిపి రాస్తే, రేపు దాన్నే ఒప్పుకోలుగా చూపిస్తారు. అలాగే ‘లీవు అప్రూవ్ అయింది’ అని ఎక్కడా రాయకండి. “టేక్ కేర్” అంటే అనుమతి కాదు, సమాచారం అందింది అని మాత్రమే. మీకు కావాల్సింది కూడా అంతే. సమాచారం అందింది అని తేలితే ‘చెప్పకుండా మాయమయ్యాడు’ అన్న మాట నిలబడదు.

మెయిల్‌ను మీ పర్సనల్ ఐడీ నుంచి హెచ్‌ఆర్‌కు పంపండి, పైన హెచ్‌ఆర్ హెడ్‌ను కాపీలో పెట్టండి. అదే ప్రింట్ తీసి స్పీడ్ పోస్ట్‌లో కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు కూడా పంపి, ఆ రసీదు దాచుకోండి.

లీడ్ సంగతి కొంచెం నాజూకైనది. మీకు కోపం ఉండటం సహజం. కానీ ఆయన హెచ్‌ఆర్‌కు రాసే ఒక్క లైను లాయర్ నోటీసు కంటే ఎక్కువ పని చేస్తుంది. ఫోన్ చేసి “నువ్వెందుకు చెప్పలేదు” అని అడిగితే ఆయన తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. దానికి బదులు “అన్నా, ఆ రోజు రాత్రి నేను మెసేజ్ పెట్టిన మాట నిజమేనని హెచ్‌ఆర్‌కు ఒక్క లైన్ రాయి, ఇంకేం వద్దు” అని అడగండి. తప్పు ఒప్పుకోమని అడిగితే చాలామంది వెనక్కి తగ్గుతారు, జరిగింది చెప్పమంటే ముందుకొస్తారు. రాయను అంటే వదిలేయండి, చాట్ మీ దగ్గర ఉంది.

చట్టం ఏమంటుంది అని మీరు అడగలేదు కానీ, కింద కామెంట్లలో ఒకరు “కేసు వేసెయ్, లక్షలొస్తాయి” అన్నారు కాబట్టి చెప్పాలి.

గైర్హాజరు మీద సుప్రీంకోర్టు 1993లో డి.కె.యాదవ్ వర్సెస్ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసులో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఎనిమిది రోజులకు మించి చెప్పకుండా రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలోనే, అంటే ఉద్యోగ నియమావళిలోనే ఉంది. అయినా కార్మికుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీసేయడం చెల్లదని కోర్టు చెప్పి, పనిలో లేని కాలానికి సగం జీతం ఇచ్చి మళ్లీ పనిలోకి తీసుకోమంది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో, జబ్బు, ఆసుపత్రి లాంటి తప్పనిసరి పరిస్థితుల వల్ల రాలేకపోతే దాన్ని ఉద్దేశపూర్వక గైర్హాజరు అనలేమంది. అది ప్రభుత్వోద్యోగి కేసు. ఈ రెండూ మీ నైతిక బలానికి పనికొస్తాయి. కానీ మీకు అచ్చంగా అలాగే వర్తిస్తాయా అన్నది, కార్మిక చట్టం నిర్వచనంలో మీరు ‘వర్కర్’ అవుతారా కాదా అన్నదాని మీద ఆధారపడుతుంది. అక్కడ చూసేది హోదా పేరు కాదు, రోజూ మీరు చేసే పని. మీ కింద మనుషులు లేకుండా టికెట్లు పరిష్కరించే పనే చేస్తుంటే వాదించడానికి చోటుంది. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లో తొలగింపు మీద రక్షణలున్నాయి. అయితే ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం ఐటీ సంస్థలకు మినహాయింపులు ఇస్తూ వచ్చింది. దానికితోడు 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందుకే మీ అపాయింట్‌మెంట్ లెటర్, టెర్మినేషన్ లెటర్ రెండూ పట్టుకుని లేబర్ కేసులు చేసే లాయర్‌ను ఒక్కసారి కలవండి. ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేసి న్యాయ సేవల సంస్థ సాయం మీకు వర్తిస్తుందేమో కనుక్కోండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ కార్యాలయం ఉంది, అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

నా అభిప్రాయం అడిగితే, కేసు చివరి మెట్టు. నేను చూసినంతలో ప్రైవేటు కంపెనీలో మూడేళ్లు కేసు నడిపి గెలిచినవాళ్లు కూడా ఆ సీటులోకి తిరిగి వెళ్లి సుఖంగా పనిచేసింది తక్కువ. మీకు ఇప్పుడు అవసరమైనది తర్వాతి ఉద్యోగానికి అడ్డుపడని కాగితం.

డబ్బు విషయంలో మాత్రం మెత్తబడకండి. మీకు అయిదేళ్లు నిండాయి, కాబట్టి గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు మానేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం, మీ హక్కు. గైర్హాజరు కారణంగా గ్రాట్యుటీ ఆపడానికి చట్టంలో చోటు లేదు. కంపెనీ ఆస్తికి నష్టం చేయడం, దౌర్జన్యం, నైతిక పతనం కిందికి వచ్చే నేరం లాంటి వాటికే ఆపగలరు. లెక్కకు తీసుకునే నెల వేతనం 30,000 అనుకుంటే, దాన్ని 15తో గుణించి 26తో భాగించి, మళ్లీ అయిదేళ్లకు గుణిస్తే 86,538 రూపాయలు వస్తుంది. మీ అంకె పెట్టి చూసుకోండి. ఫుల్ అండ్ ఫైనల్ షీట్‌లో, అంటే కంపెనీ ఇచ్చే చివరి లెక్కల కాగితంలో, ఈ లైను కనిపించకపోతే అడగండి. అడగనివాళ్లకు అది రాకుండా పోవడం నేను చూశాను.

పనిచేసిన రోజుల జీతం కూడా అంతే. పైన చెప్పిన కొత్త కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం నుంచి తీసేసిన రెండు పనిదినాల్లో బకాయి వేతనం చెల్లించాలి. కంపెనీ పాలసీలో 45 రోజులు అని ఉందని వాళ్లు చెబితే, కోడ్ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. ఇక రెండు నెలల నోటీస్ పే. అది ఉద్యోగి నోటీసు ఇవ్వకుండా రాజీనామా చేసినప్పుడు అడిగేది. మీ విషయంలో తీసేసింది వాళ్లే. ‘వదిలేసి వెళ్లావు’ అన్న మాట మీదే ఈ రికవరీ నిలబడి ఉంది. మీ మెసేజ్‌తో ఆ మాట కదిలితే ఇదీ కదులుతుంది. నేను నడిపిన రెండు మూడు కేసుల్లో కంపెనీలు గ్రాట్యుటీ, జీతం ఇచ్చేసి, నోటీస్ పే వదులుకుని, రిజిగ్నేషన్‌గా ముగించాయి. ఒక దానికి ఆరు వారాలు, రెండు గుర్తుచేసే మెయిళ్లు పట్టాయి.

పీఎఫ్ డబ్బు తీసేయకండి, కొత్త కంపెనీలో చేరాక ట్రాన్స్‌ఫర్ చేసుకోండి. పోర్టల్‌లో ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ కంపెనీ పెట్టకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబర్) లాగిన్‌లో మీరే పెట్టుకోవచ్చు.

‘కొత్త కంపెనీకి తెలుస్తుందా’ అన్నారు. తెలుస్తుంది అనుకునే నడుచుకోండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి వచ్చే ఫారంలో సాధారణంగా చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, మానిన కారణం, బకాయిలు, ‘మళ్లీ తీసుకుంటారా’ అన్న గడి ఉంటాయి. చివరి మూడు గడుల్లో ఏం రాయాలో మీ పాత హెచ్‌ఆర్ సిస్టమ్‌లో ఉన్న ఎగ్జిట్ కోడ్‌ను, అంటే మీరు ఎలా మానారో చూపే గుర్తును బట్టి నింపుతారు. మీరు ఇప్పుడు పోరాడుతున్నది ఆ కోడ్ కోసమే. ఆ కంపెనీని రెజ్యూమేలోంచి తీసేయాలన్న ఆలోచన పొరపాటున కూడా వద్దు. మీ అయిదేళ్ల పీఎఫ్ చందాలు కనిపిస్తూనే ఉంటాయి, దాచారని తేలితే ఆఫర్ పోతుంది. ఇంటర్వ్యూలో అడిగితే రెండు వాక్యాల్లో చెప్పండి: నాన్నగారికి పక్షవాతం వచ్చి వెంటనే వెళ్లాను, లీడ్‌కు చెప్పాను కానీ పోర్టల్‌లో పెట్టలేదు, దాంతో విడిపోవాల్సి వచ్చింది. ఇంటర్వ్యూ టేబుల్‌కు అటువైపు కూర్చుని ఈ మాట విన్నప్పుడు నేను ఎవరినీ వద్దనలేదు. పాత కంపెనీని పది నిమిషాలు తిట్టినవాళ్లను వద్దన్నాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. నిజం పూర్తిగా మీ వైపు ఉంటేనే ఇదంతా పనిచేస్తుంది. రెండేళ్ల కిందట కూకట్‌పల్లి నుంచి ఒకతను ఇలాంటి కథతోనే వచ్చాడు. తల్లికి ఆపరేషన్ అన్నాడు, కాగితాలూ చూపించాడు. జవాబు రాసిపెడదామని కూర్చున్నాక పీఎఫ్ పాస్‌బుక్ తెరిపిస్తే, ఆ నెలలోనే ఇంకో కంపెనీ నుంచి పీఎఫ్ చందా పడి ఉంది. నేను ఆ కేసు వదిలేశాను. మీరు అలాంటివారని అనడం లేదు. ఆ 19 రోజుల్లో వేరే ఎక్కడైనా ఫ్రీలాన్స్ పని చేసి ఉన్నా, ఇంటర్వ్యూకు వెళ్లి ఉన్నా, ముందే లాయర్‌కు చెప్పండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లలో జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఉంటే ఒక మాట. మీకు ఈఎస్‌ఐ ఉండి, జబ్బుపడినది మీరే అయితే, ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో మిమ్మల్ని తీసేయడం చట్టం ఒప్పుకోదు. జీడిమెట్లలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేసే ఒకావిడ తనకు జ్వరమని పక్కింటి అమ్మాయి చేత సూపర్‌వైజర్‌కు కబురు పంపింది. సూపర్‌వైజర్ మరిచిపోయాడు, పదో రోజు గేటు దగ్గర ఆపేశారు. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి సర్టిఫికెట్ చూపించగానే ఒక పూటలో తిరిగి లోపలికి పంపారు. ఆవిడకు చట్టం తెలియదు. ఆ కాగితాన్ని మాత్రం బియ్యం డబ్బాలో భద్రంగా దాచుకుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. రేపు పొద్దున హాస్టల్‌కు వెళ్లి ల్యాప్‌టాప్ తీసుకుని, సీరియల్ నంబర్ ఫొటో తీయండి. ఖమ్మం ఆసుపత్రి బిల్లుల్లో అడ్మిషన్ తేదీ, మీ వాట్సాప్ మెసేజ్ తేదీ, పోర్టల్‌లో చివరి హాజరు తేదీ, మూడూ పక్కపక్కన ఒక కాగితం మీద రాసుకుని సరిపోల్చండి. అర్ధరాత్రి దాటాక చేర్పించి ఉంటే బిల్లులో ఒక రోజు తేడా పడుతుంది, ఆ తేడాకు కారణం జవాబులోనే ఒక వాక్యంలో రాయండి. వాళ్ల నుంచి మెయిల్ వచ్చాక, పేర్లు తీసేసి ఇక్కడే కింద పెట్టండి. ఏ మాట ఒప్పుకున్నారో, ఏది దాటేశారో చూసి, రెండో ఉత్తరం ఎలా ఉండాలో చెబుతాను.